రెండు రిజిస్టర్లు

ఏటుకూరు రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ,
రాత్రి డ్యూటీ నాది.
గోడకి అవతల ఐదు డిగ్రీల చలిలో
తొంభై వేల మిరప టిక్కీలు నిద్రపోతున్నాయి.
గోడకి ఇవతల రోహిణి కార్తె.
నా ఒళ్ళో ల్యాప్‌టాప్, తొంభై ఆరు.

అరండల్‌పేటలో సెకండ్ హ్యాండ్‌కి కొన్నాను,
పదకొండు వేల ఐదొందలు, చార్జరు వేరే.
దాంతో వచ్చిన సిస్టం దానికే బరువైతే
తీసేసి లైనక్స్ ఎక్కించాను.
తెర పలికింది, కీబోర్డు పలికింది, వైఫై కూడా.
ఫ్యాను మాత్రం
పాత యజమాని చెబితేనే కదుల్తానని భీష్మించుకు కూచుంది.

కంపెనీని అడిగితే
ఆ మోడల్‌కి ఆ సిస్టం మేం ఒప్పుకోలేదన్నారు.
లేచిపోయి పెళ్ళి చేసుకున్నవాళ్ళు
రేషన్ కార్డుకొస్తే చూసినట్టు చూశారు.
ఆ మాటకే పదకొండు రోజులు పట్టింది.

ఎవరో పుణ్యాత్ముడు రాసిన డ్రైవరు దొరికింది.
మొదటి వరసే హెచ్చరిక:
ఇది ప్రయోగం, కాలితే మీదే పూచీ.
దానికి నా మోడల్ తెలీదు.
అప్పట్నుంచీ ఒక్కో రిజిస్టరూ తడుముతున్నాను,
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసం తడిమినట్టు.
రెండొందల యాభై ఆరు గదులు, ఏ గుమ్మానికీ పేరు లేదు.
ఒకదాంట్లో సున్నా పెడితే
కీబోర్డు కింద దీపం వెలిగింది.
ఒకదాంట్లో నలభై పెడితే
బ్యాటరీ నూట పన్నెండు శాతమని బొంకింది.
ఒకదాంట్లో (ఆ అంకె నేనెవరికీ చెప్పను)
మొత్తం ఆరిపోయి తెల్లారేదాకా లేవలేదు.
నేనూ లేవలేదు, కుర్చీలోంచి.

నాకు ఇంకో రిజిస్టరుంది.
నీలం అట్టది, బల్ల మీద, పెన్నుకి పురికొస కట్టి.
ఒంటి గంట: నాలుగో ఛాంబరు, ఐదు పాయింట్ రెండు.
రెండు గంటలు: ఐదు పాయింట్ ఒకటి.
దీంట్లో, ఉన్నది చూసి రాయాలి.
దాంట్లో, రాసి ఏమవుతుందో చూడాలి.
ఓ నిద్రమత్తు రాత్రి తారుమారైంది.
నాలుగో ఛాంబరు, తొంభై ఆరు అని రాసి సంతకం పెట్టాను.
పొద్దున్నే మేనేజరు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

బుధవారం దొరికింది. నూట నలభై ఏడో గది.
ఫ్యాను తిరిగింది!
రెండు నిమిషాల సంబరం.
తిరుగుతుంది, ఆగుతుంది,
తిరుగుతుంది, ఆగుతుంది,
ఎక్కిళ్ళు పట్టిన పిల్లాడిలా.

అమోనియా కంప్రెసర్ దగ్గర్నుంచి
చేతులు తుడుచుకుంటూ కరీముల్లా గారొచ్చారు.
ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ మోటారు గొంతు వింటున్న మనిషి.
కంప్యూటరు ముట్టుకున్నది లేదు.
వంగి, కాసేపు చెవి పెట్టారు.
"ఎప్పుడు లెగమన్నావ్ దీన్ని?"
డెబ్భైకి, అన్నాను.
"ఎప్పుడు పడుకోమన్నావ్?"
డెబ్భైకే.
"అదే మరి. ఎక్కే మెట్టూ దిగే మెట్టూ ఒకటే అయితే
ఎవడైనా గుమ్మంలోనే చస్తాడయ్యా.
మన మోటారు ఆరుకి లెగుస్తది, నాలుక్కి పడుకుంటది.
ఆ మధ్యలో దాని మానాన దాన్ని వదిలెయ్యాల."

పడుకునే అంకె యాభై ఎనిమిదికి మార్చాను.
ఎక్కిళ్ళు తగ్గాయి.
వేడి మాత్రం నా లెక్క కన్నా ఇంకా ఏడు డిగ్రీలు ఎక్కువే.
మూడు వారాల కోడు మళ్ళీ మొదటి వరస నుంచి చదివాను.
తప్పు లేదు.
విసిగిపోయి స్క్రూడ్రైవరు తీశాను.

లోపల, రేకుల సందుల్లో,
వేలెడు మందాన ఎర్రటి దూది.
యార్డు నుంచి ఎగిరొచ్చిన మిరప దుమ్మంతా
నాతో పాటే నైట్ డ్యూటీ చేస్తోంది.
కరీముల్లా గారు వద్దంటున్నా వినకుండా ఊదాను.
ఆ తర్వాత అరగంట ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం.
కళ్ళ నీళ్ళతో, నవ్వుతూ, తిట్టుకుంటూ.

నాలుగు గంటలు: ఐదు పాయింట్ మూడు.
నీలం అట్ట మూసి
డ్రైవరు ఫైలు తెరిచాను.
హెచ్చరిక కింద ఇంకో వరస చేర్చాను:
గుంటూర్లో వాడేవాళ్ళు
ముందు మూత విప్పి చూడండి.